ఆరు రికార్డుల భోజనం

దసరా మర్నాడు పొద్దున్నే అనంతలక్ష్మి ఇంట్లో రికార్డుల మిషను ఆగిపోయింది. ఆగితే ఆగిందిలే, ఈ కాలంలో పాటలకేం కరువు, ఫోను మీద వేలు పెడితే చెవులు చిల్లులు పడేదాకా వినొచ్చు అనేవాళ్ళు అంటారు. ఆమె కొడుకు పృథ్వీ కూడా అదే అన్నాడు. కానీ మిషను ఆగిన పూటే ఆమె భర్త ఉమామహేశ్వర్ నోరు మూతపడింది. మూడో రోజు వచ్చినా తెరుచుకోలేదు.

మాట సంగతి కాదు చెప్పేది. మాట పోయి ఏడాదిన్నర అయింది. హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో పరికరాలు బాగుచేసే విభాగంలో ఉద్యోగమంతా గడిపిన మనిషాయన. రిటైరయ్యాక నాచారంలో తాను కట్టించుకున్న ఇంట్లో ఒకరోజు పళ్ళు తోముకుంటూ కూలబడ్డాడు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. మిగిలింది ఎడమ చెయ్యి, రెండు కళ్ళు, మింగాలంటే భయపడే ఒక గొంతు. అనంతలక్ష్మి ఈ ఏడాదిన్నరా చేసిన యుద్ధమంతా ఆ గొంతుతోనే.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోశారు. ఆయన ఎడమ చేత్తో దాన్ని పీకేశాడు. మళ్ళీ వేశారు, మళ్ళీ పీకాడు. ఆఖరికి ఆ చేతిని గాజుగుడ్డతో మంచం కమ్మీకి కట్టేశారు. వాళ్ళని అనడానికేం లేదు, మనిషిని బతికించడం వాళ్ళ పని. కానీ ఆ చెయ్యి గుంజుకుని గుంజుకుని మణికట్టు దగ్గర తోలు లేచిపోయింది. ఒంట్లో పనిచేసేది ఆ చెయ్యొక్కటే, దాన్నీ కట్టేశారు. దొంగని కట్టినట్టు కట్టేస్తుంటే చూస్తూ కూర్చున్నావా అన్నట్టు ఆయన ఆవిడ వంక చూశాడు. ఇంటికి తెచ్చిన రోజు ఆ మణికట్టుకి వెన్న రాస్తూ ఆవిడ ఒట్టేసింది.

"ఇంకెప్పుడూ కట్టనివ్వనండీ. నా ప్రాణం పోయినా సరే."

ఒట్టు వేయడం ఎంతసేపు? నిలబెట్టుకోవాలంటే ఆయన తినాలి. ఆయనేమో మెత్తగా కలిపిన ముద్ద పెడితే బుగ్గన దాచుకుని కిటికీలోకి చూస్తూ ఉండిపోయేవాడు. బతిమాలింది, కోప్పడింది, చంటిపిల్లాడికి చెప్పినట్టు కాకి కథా పిచ్చుక కథా చెప్పింది. ఒకరోజు విసిగిపోయి, తన మనసు నిమ్మళించడానికి, ఆయన మంచం పక్కనే ఉన్న రికార్డుల మిషను పెట్టుకుంది. పాట మొదలైంది. ఆయన నోరు తెరిచాడు.

ఆ మిషను గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. పెళ్ళైన కొత్తల్లో ఆయన దాన్ని జుమ్మేరాత్ బజారులో తుక్కు సామాన్ల మధ్య నుంచి ఏరుకొచ్చాడు. మామూలు గ్రామఫోను కాదు, రికార్డులు తనంతట తానే మార్చుకునే మిషను. మధ్యలో పొడుగాటి కమ్మి ఉంటుంది. దానికి ఆరు రికార్డులు ఒకదానిమీద ఒకటి గుచ్చి, పైన ఒక చిన్న చెయ్యి ఆనించి వదిలేస్తే చాలు, మొదటిది కింద పడి పాట మొదలవుతుంది. ఒక పాట అయిపోగానే ముల్లున్న చెయ్యి తనే లేచి పక్కకి తప్పుకుంటుంది. పైనున్న దొంతరలోంచి అడుగు రికార్డు టప్పున కింద పడుతుంది. ముల్లు మళ్ళీ వచ్చి దాని అంచున కూర్చుంటుంది. ఆరూ అయ్యాక తనే ఆగిపోతుంది. నెలల తరబడి దాన్ని విప్పీ బిగించీ ఆయన బాగుచేసిన రోజున అనంతలక్ష్మి పాట వినడానికి కూర్చుంటే, ఆయన దాని పక్కన గొంతుకూర్చుని రికార్డు పడే తీరు చూశాడు. సంగీతం ఆవిడది, ఇనుము ఆయనది. కాపురం సజావుగానే సాగింది.

అలా ఏడాదిగా ఆ ఇంట్లో పూటకి ఆరు రికార్డుల భోజనం. పాట మొదలవుతుంది, ఆయన నోరు తెరుస్తాడు, ఆవిడ ముద్ద పెడుతుంది. పాట సాగినంతసేపూ మెల్లగా నమిలి మింగుతాడు. ఇంకో పాట, ఇంకో ముద్ద. పొద్దున కీర్తనలు, మధ్యాహ్నం సినిమా పాటలు, సాయంత్రం పెళ్ళైన కొత్తల్లో ఇద్దరూ విన్న లలిత గీతాలు. ఆ వరస అనంతలక్ష్మే పేర్చింది. "మాటైతే పోయింది గానీ, పాట పోలేదు పిన్నీ. మా పాటలన్నీ ఆయనకి గుర్తే. పల్లవి వినపడగానే నోరు తెరుస్తారు" అని గుళ్ళో కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకునేది. చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూసి ఎవరూ కాదనలేదు. ఇంట్లో ఇంకో చప్పుడు మాత్రం ఉండకూడదు. గిన్నెల కింద గుడ్డ వేసేది, తలుపులకి రబ్బరు ముక్కలు కొట్టించింది. పాటకి అడ్డం రాకూడదని.

ఇక దసరా. యంత్రం అనేది ఇంట్లో ఉంటే దసరాకి దానికి బొట్టు పెట్టని ఇల్లు మన దగ్గర లేదు. స్కూటరు, మిక్సీ, కుట్టుమిషను, ఆఖరికి కత్తిపీట. మరి ఇంటాయన ప్రాణం నిలబెడుతున్న యంత్రానికి ఇంకెంత చెయ్యాలి? అనంతలక్ష్మి దానికి గంధం రాసింది, కుంకుమ పెట్టింది, బంతిపూలు చుట్టింది, జమ్మి ఆకు ఉంచింది. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టి పిడికెడు అక్షింతలు జల్లింది. ఆ రాత్రి మిషను బాగానే పాడింది.

మర్నాడు పొద్దున మొదటి కీర్తన అయింది. ముల్లు చెయ్యి సగం లేచి, గాలిలో ఆగిపోయింది. లోపల కరకరమని గీరుతున్న చప్పుడు. రికార్డు పడలేదు. ఆయన ఒక ముద్ద మింగి, రెండో ముద్దకి నోరు తెరవకుండా మిషను వంకే చూస్తున్నాడు. అన్నం చల్లారిపోతోందని అనంతలక్ష్మి కంగారుపడింది. ఆ చెయ్యి పట్టుకుని గట్టిగా పక్కకి నెట్టింది. లోపలెక్కడో టిక్కుమంది. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆ చెయ్యి విరిగిన కొమ్మలా వేలాడింది.

ఇలాంటప్పుడు మనిషికి ముందు దొరికేది ఎదుటివాళ్ళ తప్పు. ఇంట్లో పనికి ఉన్న సాలమ్మ అంతకు ముందురోజు పండగని ఇల్లంతా తుడిచింది.

"తడిగుడ్డతో తుడిచావు కదూ దాన్ని? నీళ్ళు లోపలికి దిగాయి. నీకు ఎన్నిసార్లు చెప్పాను సాలమ్మా, దాని జోలికి పోవద్దని!"

సాలమ్మది జనగామ దిక్కు. మొగుడు మల్లాపూర్ ఫ్యాక్టరీలో పనికి కుదిరినప్పుడు వచ్చి ఇక్కడే ఉండిపోయింది. సారును లేపి కూర్చోబెట్టడానికి ఇద్దరు మనుషులు కావాలని పండక్కి ఊరు కూడా పోలేదు.

"నేను దాన్ని ముట్టనే లేదమ్మ" అంది. "సుట్టుముట్టు తుడిసిన గని దానికి చెయ్యి సుత పెట్టలె. బతుకమ్మ మీద ఒట్టు."

"ఒట్లు వేస్తే మిషను నడుస్తుందా?"

సాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని పోయి గిన్నెల ముందు కూర్చుంది. చప్పుడు కాకుండా తోమింది.

ఆ రోజంతా అనంతలక్ష్మి చెయ్యని ప్రయత్నం లేదు. మిషను పళ్ళెం ఇంకా తిరుగుతూనే ఉంది గనక రికార్డులు తనే ఒక్కొక్కటీ పెట్టింది. రికార్డు మీద గీత పడితే ఆయనకి ఒళ్ళు మండుతుందని, రెండు చేతులతో పట్టుకుని పసిబిడ్డని పడుకోబెట్టినంత మెల్లగా పెట్టింది. ముల్లు తనే ఆనించింది. అదే కీర్తన, అదే గొంతు. ఆయన పెదాలు బిగించుకునే ఉన్నాడు. పీర్జాదిగూడ నుంచి పృథ్వీ వచ్చి ఫోనుకి చిన్న స్పీకరు కలిపి అవే పాటలు వెతికి పెట్టాడు. ఒకదాని వెనక ఒకటి ధారగా పాడింది. దానికీ నోరు తెరవలేదు. చంచాతో నీళ్ళు పోస్తే సగం లోపలికి, సగం గడ్డం మీదికి.

రెండో రోజూ అంతే. మూడో రోజు పొద్దున డాక్టరు ఫోనులో మెత్తగానే చెప్పాడు. "ఇక ఆగకూడదమ్మా. నీరసపడిపోతారు. ఇంటికే మనిషిని పంపిస్తాను, సాయంత్రం ఐదింటికి ట్యూబు వేస్తాడు. పీకేస్తారన్నారు కదా, చెయ్యి కొన్నాళ్ళు కట్టి ఉంచాల్సి వస్తుంది."

పృథ్వీ కూడా అదే మాట. "అమ్మా, నాన్న ఆకలితో పోతే నీకు మంచిదా? కట్టనీ. అలవాటవుతుంది."

"నీ చెయ్యి కడితే నీకు అలవాటవుతుందిరా?" అని ఫోను పెట్టేసింది. పెట్టేశాక భయమేసింది. వాడన్నదాంట్లో తప్పేం లేదు. ఆకలితో చంపుకోవడమా, కట్టేసి బతికించుకోవడమా? రెండిట్లో ఏది చేసినా ఆయన ముందు తలెత్తుకోలేదు. సాయంత్రంలోగా మిషను బాగుపడాలి. అంతే, ఇంకో దారి లేదు.

మిషనుని పాత దుప్పట్లో చుట్టి ఆటోలో ఒళ్ళో పెట్టుకుని మల్లాపూర్ బయల్దేరింది. అక్కడ చిన్న చిన్న వర్క్‌షాపులు వీధుల నిండా ఉంటాయి, మామూలు రోజుల్లో లేతు మిషన్ల మోతకి పక్కవాడి మాట వినపడదు. ఆ రోజు మాత్రం షట్టర్లన్నీ దించి ఉన్నాయి. షట్టర్ల మీద వాడిపోయిన బంతి తోరణాలు, గుమ్మాల ముందు పగలగొట్టిన గుమ్మడికాయలు. పనివాళ్ళంతా పండక్కి ఊళ్ళకి పోయారు. పండగలో మిషన్లకి పూజ చేసి, వాటికి సెలవిచ్చి, మనుషులు మాయమయ్యారు.

ఆటో అతను విసుక్కుంటున్నా వీధి వీధీ తిప్పించింది. ఎక్కడైనా సందులోంచి మనిషి అలికిడి వినిపిస్తే దిగి షట్టరు బాదింది. ఒకచోట కాపలావాడు బయటికొచ్చి "సోమవారం రాండ్రి" అన్నాడు. ఇంకోచోట కుక్క అరిచింది. ఎండ నెత్తి మీదికొచ్చింది. దింపుడుకళ్ళం ఆశ అంటారు చూడండి, పోయిన మనిషి చెవిలో కూడా పేరు పెట్టి పిలిచి చూస్తారే, అలా ఉంది ఆవిడ తిరుగుడు. చివరికి ఒక వర్క్‌షాపు సగం తెరిచి ఉంది. లోపల తిరుపతి అనే యజమాని ఒక్కడే కూర్చుని టిఫిన్ డబ్బా తింటున్నాడు.

"బంద్ ఉందమ్మ. పోరగాళ్ళు లేరు."

అనంతలక్ష్మి దుప్పటి విప్పి మిషనుని అతని బల్ల మీద పెట్టేసింది. సంగతి చెప్పబోయి ఏడ్చేసింది. ముక్కూ మొహం తెలియని మగవాడి ముందు, రేకుల షెడ్డులో, అరవై ఏళ్ళకి దగ్గరపడ్డ మనిషి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే గొట్టం సంగతి, కట్టిన చెయ్యి సంగతి చెప్పింది.

తిరుపతి డబ్బా మూతపెట్టి చెయ్యి కడుక్కున్నాడు. "ఇసొంటిది నేను సుత ఎన్నడు సూడలె. జర కూసోండ్రి. ఇప్పి సూస్త."

పళ్ళెం ఎత్తాడు. స్క్రూలు తీసి మిషనుని తిరగేశాడు. బల్ల మీద గలగలమని ఏవో రాలాయి. తిరుపతి వేలితో అద్ది చూసి ఆవిడ వంక చూశాడు.

"ఇవేందమ్మ? బియ్యపు గింజలు. పసుపు పెట్టిన బియ్యం."

అనంతలక్ష్మి వంగి చూసింది. ముల్లు చెయ్యి దిగే సందులోంచి జారిన అక్షింతలు. కొన్ని పలుకులు పళ్ళచక్రం సందుల్లో నలిగి పిండై, పాత జిడ్డుతో కలిసి గట్టిపడిపోయాయి.

"పండుగకు జల్లిన్రా?" అని తిరుపతి నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానేశాడు. "మేము సుత జల్లుతమమ్మ. మావి పెద్ద మిషన్లు, ఏం గావు."

బియ్యం తుడిచాడు. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. కానీ అతను ఇంకా లోపలికి టార్చి వేసి చూస్తూనే ఉన్నాడు. చివరికి రెండు ముక్కలైన చిన్న పళ్ళచక్రం బయటికి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"గింజలు ఇరుక్కున్నందుకు గాదు, బలంగ గుంజినందుకు ఇరిగింది. ఇది జింకు పోత. దీనికి వెల్డింగు పట్టది. కొత్తది చెయ్యాలె. పళ్ళు కోసే పిలగాడు ఊరికి పోయిండు, సోమవారం గాని రాడు. నాకు గా పని రాదు. వస్తె గిప్పుడే జేసిద్దును."

"అతికించి చూడండి. ఇవాళ ఒక్క పూటకి. ఏదైనా జిగురు పెట్టి."

తిరుపతి జిగురు పెట్టాడు. ఆరేదాకా ఫ్యాను కింద ఉంచాడు. బిగించి తిప్పాడు. చెయ్యి రెండంగుళాలు లేచింది. ఫట్టుమంది.

"మాఫ్ జెయ్యమ్మ" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మూడున్నర దాటింది. సాలమ్మ సారు తల కింద చెయ్యి పెట్టి పెదాలు తడుపుతోంది. అనంతలక్ష్మి గుమ్మంలోనే నిలబడి గుప్పిట విప్పింది. పసుపు గింజలు.

"నువ్వు కాదు సాలమ్మా. నేనే. నా చేత్తో నేనే చేసుకున్నాను. నిన్ను అన్యాయంగా అన్నాను."

సాలమ్మ ఆ గింజల వంక చూసింది. కోపం రాకపోలేదు. "నా మీద నెపం పెట్టినప్పుడు మస్తు బాధయిందమ్మ. గని గిప్పుడు గా ముచ్చట ఎందుకు? సారు సల్లబడిపోతున్నడు. ముందు ఏదన్న జెయ్యుండ్రి."

ఏం చెయ్యాలి? చెయ్యడానికి ఒక్కటే మిగిలింది. రికార్డులో ఉన్న గొంతు ఆయనకి పట్టకపోతే, ఫోనులో గొంతు పట్టకపోతే, తన గొంతు ఉంది. ఏలూరులో చిన్నప్పుడు సంగీతం నేర్చుకుంది గానీ పెళ్ళయ్యాక వంటింట్లో తప్ప నోరు విప్పింది లేదు. ఆయన ఎదుట గట్టిగా పాడాలంటే ఎప్పుడూ సిగ్గే. ఆ సిగ్గంతా ఇవాళ గట్టున పెట్టింది. పప్పు అన్నం జావలా కలిపి గిన్నెలో పోసుకుని, మంచం పక్కన కూర్చుని గొంతెత్తింది.

మొదటి కీర్తన శ్రుతి తప్పింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఎత్తుకుంది. ఆ తర్వాతది బాగా వచ్చింది. ఏ పాట వెనక ఏ పాటో, మిషనులో ఎలా పడేవో ఆ వరసలోనే పాడింది. కీర్తనలు అయ్యాయి, సినిమా పాటలు అయ్యాయి. పెళ్ళైన కొత్తల్లో విన్న లలిత గీతం దగ్గరికొచ్చేసరికి గొంతు బొంగురుపోయింది, అయినా ఆపలేదు. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూశారు. సాలమ్మ తలుపు పట్టుకుని నిలబడి కళ్ళు తుడుచుకుంది. పల్లవి మొదలెట్టిన ప్రతిసారీ అనంతలక్ష్మి చంచా ఆయన పెదాలకి ఆనించింది. ఇప్పుడు తెరుస్తాడు, ఈ పాటకి తెరుస్తాడు, ఇది మా ఇద్దరి పాట, దీనికి తెరవకుండా ఉంటాడా.

ఆయన ఆవిడ మొహం వంక చూస్తూనే ఉన్నాడు. పెదాలు మాత్రం కదలలేదు. జావ గడ్డం మీంచి మెడలోకి కారింది.

ఐదింటికి విక్రమ్ వచ్చాడు. డాక్టరు పంపిన నర్సింగ్ మనిషి, పెద్ద రెగ్జిను బ్యాగు భుజాన వేసుకుని. చెప్పులు బయట విడిచి మెల్లగా లోపలికొచ్చి స్టూలు మీద గొట్టం, జెల్లీ, గాజుగుడ్డ చుట్ట సర్దుకున్నాడు. ఎలాంటి ఇళ్ళలో ఎలా మసులుకోవాలో తెలిసినవాడే.

"బయపడకున్రమ్మ. అయిదు నిమిషాల పని. ఎడమ చెయ్యి ఒక్కటే కదా కదిలేది? ముందు దాన్ని కడ్త."

అనంతలక్ష్మి ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది. "ఒక్క పాట. ఇంకొక్క పాట పాడనీ నాయనా. ఆ తర్వాత నీ ఇష్టం."

పాడింది. గొంతులోంచి గాలే వచ్చింది. విక్రమ్ తలవంచుకుని నిలబడ్డాడు. పాట అయిపోయింది. ఆవిడ చెయ్యి వదిలేసి పక్కకి జరిగింది. ఒట్టు తప్పిన మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది ఆవిడ మొహం. విక్రమ్ గాజుగుడ్డ అందుకోబోయి వంగాడు. భుజాన ఉన్న బ్యాగు జారి గచ్చు మీద పడింది.

టప్పుమంది.

ఉమామహేశ్వర్ నోరు తెరిచాడు.

ముందుగా కదిలింది సాలమ్మ. "అమ్మా! పెట్టుండ్రి! బువ్వ పెట్టుండ్రి!" అని అరిచింది. అనంతలక్ష్మి చంచా నోట్లో పెట్టింది. ఆయన నోరు మూసి, నమిలి, మెల్లగా మింగాడు. గొంతు పైకీ కిందికీ కదలడం కళ్ళారా కనపడింది. ఇంకో చంచా పెట్టబోతే మళ్ళీ పెదాలు బిగించాడు.

"బాబూ, బ్యాగు ఎత్తి మళ్ళీ పడెయ్యి."

విక్రమ్ బిత్తరపోయి పడేశాడు. నోరు తెరుచుకుంది.

సాలమ్మ వంటింట్లోంచి స్టీలు పళ్ళెం తెచ్చి పడేస్తే ఆయన ఉలిక్కిపడి కళ్ళు మూసుకున్నాడు. అది కాదు. అనంతలక్ష్మి లేచి రికార్డుల దొంతర తెచ్చింది. ఒకదాన్ని స్టూలు మీద పెట్టి, జానెడు ఎత్తు నుంచి ఇంకోదాన్ని దాని మీద వదిలింది. అదే టప్పు. ఆయన కళ్ళలో వెలుగొచ్చింది, నోరు తెరిచాడు. ఏడాదిగా పల్లవి ముందు ప్రతిసారీ వినపడే చప్పుడు అది. పాట దాని వెనకాల వచ్చేది, అంతే.

గీతలు పడితే పడ్డాయని సాలమ్మ రికార్డులు పడేస్తూ ఉంది, అనంతలక్ష్మి పెడుతూ ఉంది. "తింటున్నడమ్మ సారు! తింటున్నడు!" అని సాలమ్మ చిన్నపిల్లలా సంబరపడింది. విక్రమ్ గాజుగుడ్డ చుట్టి బ్యాగులో పెట్టేసుకుని, నవ్వుతూ డాక్టరుకి చెప్పడానికి ఫోను పట్టుకుని బయటికి పోయాడు. పక్కింటివాళ్ళకి చెప్పాలని సాలమ్మ కూడా వెనకాలే పరిగెత్తింది.

గదిలో ఇద్దరే మిగిలారు. గిన్నెలో ఇంకో చంచాడు మిగిలింది. ఆయన ఎడమ చెయ్యి దుప్పటి మీద స్వేచ్ఛగా పడి ఉంది. దాన్ని ఎవరూ కట్టలేదు, ఇక కట్టరు. ఆవిడ కోరుకున్నది జరిగింది. దణ్ణం పెట్టుకోవాల్సిన సమయం. కానీ అనంతలక్ష్మికి సంతోషం రాలేదు. సిగ్గేసింది. ఊరందరికీ చెప్పుకుంది, మా పాటలు ఆయనకి గుర్తేనని. ఇందాక గొంతు చించుకుని పాడింది.

చంచా ఎత్తింది. చప్పుడు చెయ్యలేదు.

"ఏమండీ" అంది. "నేనండీ. అనంతలక్ష్మిని."

ఆయన చూస్తున్నాడు. పెదాలు మూసుకునే ఉన్నాయి.

దగ్గరగా వంగి, బొంగురుపోయిన గొంతుతో ఆయన చెవిలో ఆ లలిత గీతం పల్లవి అంది. ఆయన చూపు ఆవిడ మొహం మీంచి జారి, ఆవిడ ఒళ్ళో ఉన్న రికార్డు మీదికి పోయి ఆగింది. అక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయింది.

అనంతలక్ష్మి రెండో చేత్తో ఆ రికార్డు ఎత్తి వదిలింది. ఆయన నోరు తెరిచాడు. ఆవిడ ముద్ద పెట్టింది.